లేచింది కదా అని వదిలేయకండి

లాప్‌టాప్ బిగుసుకుపోయిందంటే చుట్టూ పదిమంది చేరతారు. ఒకరు ఎంటర్ నొక్కమంటారు, ఇంకొకరు ఏదీ ముట్టుకోవద్దంటారు, మూడోవారు వచ్చి పవర్ బటన్ పట్టుకుంటారు. తెర నల్లబడుతుంది. మళ్ళీ నొక్కితే వెలుగుతుంది. పాత బొమ్మ కనబడగానే అందరూ "హమ్మయ్య" అనుకుని ఎవరి బెంచీకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఈ సంవత్సరం మా తరగతుల్లోనూ స్టాఫ్‌రూమ్‌లోనూ ఈ ఘట్టం చాలాసార్లు చూశాం. మాకు అభ్యంతరమల్లా ఆ "హమ్మయ్య" మీదే.

యంత్రం లేచిన తరువాతే అసలు పని ఉంటుంది. మనవి అనుకున్నవన్నీ ముందు ఇంకోచోటికి కాపీ చేసుకోవాలి. ఆ తరువాత డిస్కును పరీక్షించాలి. ఈ వరస తప్పకూడదని, ఇది ఆ రోజే జరగాలని మా వాదన.

ఇది కంప్యూటర్ టీచరు చెప్పాల్సిన సంగతి, తెలుగు చెప్పే మీకెందుకని అడుగుతారేమో. న్యాయమైన ప్రశ్నే. మనం బదిలీల వాళ్ళం కాబట్టి అని మా జవాబు. 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో మొదలైన కేంద్రీయ విద్యాలయాల ఏర్పాటు మనలాంటి కుటుంబాల కోసమే. నాన్నగారికో అమ్మగారికో ఉత్తర్వు వచ్చి ఊరు మారినా పిల్లల చదువు మధ్యలో తెగకూడదన్నది దాని ఉద్దేశం. చదువు తెగదు నిజమే. మిగతావి చాలా తెగుతాయి. ఒకే ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ ఇంట్లో అటక ఉంటుంది. అటక మీద ఇత్తడి గంగాళం పక్కన ఒక ట్రంకుపెట్టె, అందులో తాతగారి ఉత్తరాలు, పెళ్ళి ఫోటోలు, ఎవరిదో మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు. ఎవరూ సర్దకపోయినా అవి అక్కడే పడి ఉంటాయి. మనకి ఆ భాగ్యం లేదు. ప్రతి బదిలీకీ సామాను జల్లెడ పడతాం. లారీలో చోటు లేదని ఒకసారి, క్వార్టర్ చిన్నదని ఇంకోసారి, ఏదో ఒకటి అమ్మేస్తాం, ఇచ్చేస్తాం, వదిలేస్తాం. మేము ఉద్యోగంలో చేరాక ఇన్ని ఊళ్ళు తిరిగి చూసింది ఏమిటంటే, ఏ జల్లెడలోనూ జారిపోకుండా కుటుంబంతో పాటు వచ్చేది చివరికి లాప్‌టాప్ ఒక్కటే. మన అటక, మన ట్రంకుపెట్టె అదే.

భిలాయి వచ్చాక ఈ తేడా మాకు ఇంకా బాగా తెలిసింది. ఇక్కడ తెలుగువాళ్ళు రెండు రకాలు. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల్లోనూ ఆ తరువాతా పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఒక రకం. ఖుర్సీపార్ వైపు వెళ్ళినా, సెక్టర్ 5 బాలాజీ మందిరానికి వెళ్ళినా వాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ పిల్లలకు తాతగారు మొదటిసారి రైలు దిగి తీయించుకున్న ఫోటో గోడ మీదే ఉంటుంది. రెండో రకం మనం. మూడేళ్ళో నాలుగేళ్ళో ఉండి వెళ్ళిపోతాం. మన గోడకు మేకులు కూడా అంతకుముందు ఉన్నవాళ్ళు కొట్టినవే.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి సంగతి చెబుతాం. పేరు రాయం. వాళ్ళ అమ్మమ్మగారిది శ్రీకాకుళం వైపు పల్లె. సెలవులకు వెళ్ళినప్పుడు ఆవిడ చెప్పిన పొడుపుకథలు, పాటలు ఈ పిల్ల ఫోన్లో రికార్డు చేసుకుంది. ఫోన్ నిండిపోతే అవన్నీ లాప్‌టాప్‌లోకి మార్చింది. ఫోన్ పాతబడితే అమ్మేశారు. ఆ తరువాత అమ్మమ్మగారు పోయారు. ఫిబ్రవరిలో ప్రాజెక్టు పని చేస్తుండగా ఆ లాప్‌టాప్ కొయ్యబారిపోయింది. వాళ్ళన్నయ్య ఆపి మళ్ళీ వెలిగించాడు, లేచింది. మర్నాడు కాస్త నెమ్మదిగా నడిచింది. మూడోనాడు లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు చేసి ఇక లేవలేదు. దుకాణంలో చూపిస్తే డిస్కు మార్చాలన్నారు. పాటల సంగతి అడిగితే పెదవి విరిచారు. మొదటిసారి లేచినప్పటినుంచి చివరిసారి ఆగేదాకా రెండు రోజులు ఆ పాటలన్నీ అందుబాటులోనే ఉన్నాయి. కొన్ని వందల రూపాయల పెన్‌డ్రైవ్‌లోకి ఒక అరగంటలో వచ్చి ఉండేవి. వాళ్ళకి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు, అంతే. అందుకే ఈ వ్యాసం.

ముందు బిగుసుకుపోవడం గురించి. మన భాషలో దీనికి మంచి మాటలున్నాయి, "హ్యాంగ్" ఒక్కటే అక్కర్లేదు. బండి లాగుతున్న ఎద్దు నడవనని నిలబడితే మొరాయించింది అంటాం. చలికో భయానికో ఒళ్ళు కదలకపోతే కొయ్యబారింది అంటాం. లాప్‌టాప్‌లో ఈ రెండూ వేరువేరు సంగతులు. ఒక ప్రోగ్రామ్ మాత్రమే మొరాయిస్తే బాణం గుర్తు ఇంకా కదులుతుంది. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అక్కడ ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే ఆపవచ్చు. మొత్తం కొయ్యబారితే బాణం కూడా కదలదు. క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటే లోపల ఇంకా ఎవరో వింటున్నారని అర్థం. తెర మాత్రమే చిక్కుకున్నట్లుంటే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కవచ్చు. తెరను నడిపే భాగం ఒక్కటి మళ్ళీ మొదలవుతుంది. రాస్తున్నది పోదు.

ఇవేవీ పనిచేయకపోతే కాసేపు ఆగండి. ఆగడం చేతకాని తరం అని మిమ్మల్ని అనడం లేదు, పెద్దవాళ్ళూ ఆగరు. ఆగమనడానికి కారణం ఉంది. తిరిగే పళ్ళెం ఉన్న పాత రకం హార్డ్ డిస్కులో ఒక చోటు దెబ్బతింటే, అక్కడ రాసింది చదవడానికి డిస్కు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. లాప్‌టాప్ డిస్కులు చాలావరకు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 90. ఒక్కో చుట్టులో ఒక్కో ప్రయత్నం. అది తేలేదాకా పైనున్న విండోస్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. మనకి కనిపించే కొయ్యబారడం చాలాసార్లు ఆ నిరీక్షణే. డిస్కు దీపం ఉన్న యంత్రమైతే అది ఆగకుండా వెలుగుతూ ఉంటుంది. అయిదు, పది నిమిషాల్లో తేరుకుంటే మీ ఫైలు సేవ్ చేసుకునే అవకాశం దొరుకుతుంది. తేరుకోకపోతే చివరి ఉపాయం పవర్ బటన్. కొద్ది సెకన్లు నొక్కి పట్టుకోవడమే.

ఆ బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో మీకు బాగా తెలిసిన ఉదాహరణతో చెబుతాం. ఒక పిల్లవాడికి బదిలీ. ఇక్కడి హాజరుపట్టీలో పేరు కొట్టేశారు. కొత్త పాఠశాల హాజరుపట్టీలో ఇంకా ఎక్కించలేదు. ఆ మధ్యలో దీపాలన్నీ ఆరిపోయి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతే ఆ పిల్లవాడు ఏ బడి పిల్లవాడు? డిస్కు మీద రాస్తుండగా కరెంటు తెగితే ఫైలు పరిస్థితి అదే. మీరు సేవ్ చేయని భాగం మెమరీలోనే ఉంది కనుక అది ఎలాగూ పోతుంది. సేవ్ చేస్తున్న భాగం సగం పాత చిట్టాలో, సగం కొత్త చిట్టాలో చిక్కుకుంటుంది. ఇలా జరుగుతుందని తెలిసే విండోస్ వాడే ఫైల్ పద్ధతిలో ఒక డైరీ పెట్టారు. ఏం మార్చబోతున్నదీ ముందు డైరీలో రాసి, తరువాత అసలు చిట్టాను ముట్టుకుంటుంది. లేచాక డైరీ చూసి, సగంలో ఆగిన పనిని పూర్తి చేస్తుంది లేదా వెనక్కి తీసుకుంటుంది. బటన్ నొక్కిన ప్రతిసారీ మన కంప్యూటర్లు చిత్తు కాకుండా ఉన్నది దీనివల్లే. అయితే ఆ డైరీ కాపాడేది చిట్టాను. మీ వ్యాసం లోపలి వాక్యాలకు అది పూచీ పడదు. చెడిపోతున్న పళ్ళానికి అసలే పడదు.

మీ ఇళ్ళలో ప్లాంటులో పనిచేసేవారు ఉంటే అడిగి చూడండి, బ్లాస్ట్ ఫర్నేస్‌ను అలా బటన్ నొక్కి ఆపుతారా అని. అది రాత్రింబవళ్ళు సంవత్సరాల తరబడి మండుతుంది. అనుకోకుండా చల్లబడిపోతే అడుగున ఉన్న కరిగిన ఇనుము గడ్డకట్టి కూర్చుంటుంది. మళ్ళీ నడిపించడం పెద్ద యజ్ఞం. ఆపాల్సి వస్తే పద్ధతి ప్రకారం ఆపుతారు. మళ్ళీ మొదలుపెట్టాక అన్నీ చూసుకుంటారు. అంత పెద్ద యంత్రానికి ఇచ్చే మర్యాదలో నూరోవంతు మన ఒళ్ళో యంత్రానికి ఇస్తే చాలు.

సరే, లేచింది. ఇక్కడ మాకూ కంప్యూటర్ బాగా తెలుసనుకునే అన్నయ్యలకూ తగువు. వాళ్ళు వెంటనే "చెక్‌డిస్క్ పెట్టెయ్" అంటారు. మేము కాపీ ముందంటాం. చెక్‌డిస్క్ మంచి పనిముట్టే, కానీ అది చిట్టాను సరిచేసే గుమాస్తా. మీ పాటలూ ఫోటోలూ దానికి ముఖ్యం కాదు, లెక్క కుదరడం ముఖ్యం. బెంచీ మీద పిల్లవాడు ఉండి హాజరుపట్టీలో పేరు లేకపోతే, వాడిని తీసుకెళ్ళి వేరే గదిలో కూర్చోబెడుతుంది. ఆ గది పేరు ఫౌండ్.000. అక్కడ మీ ఫైళ్ళు తమ పేర్లు పోగొట్టుకుని ఫైల్0000.సి.హెచ్.కె., ఫైల్0001.సి.హెచ్.కె. అనే అంకెలతో ఉంటాయి. ఏది అమ్మమ్మ పాటో, ఏది సైన్సు ప్రాజెక్టో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. కొన్ని తెరుచుకోవు. రెండో సంగతి, దెబ్బతిన్న చోట్లను వెతికే పూర్తి పరీక్ష డిస్కును ఈ మొదలునుంచి ఆ చివరిదాకా చదివిస్తుంది. పెద్ద డిస్కయితే గంటలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నదానికి అది వ్యాయామం. కొనఊపిరితో ఉన్నదాన్ని పరుగెత్తించి గుండె పరీక్ష చేస్తామా?

కాపీ చేయడంలోనూ వరస ఉంది. సినిమాలు, ఆటలు, ఇంకోసారి దిగుమతి చేసుకోగలిగే పాఠ్యపుస్తకాల పి.డి.ఎఫ్.లు ఇవన్నీ చివరికి. ప్రపంచంలో ఇంకెక్కడా రెండో ప్రతి లేనివి మొదటికి. ఇంట్లోవాళ్ళ గొంతులు, ఫోటోలు, మీరు సొంతంగా రాసుకున్న కథలు, వేసుకున్న బొమ్మలు, స్కాన్ చేసిన టి.సి.లు, మార్కుల పత్రాలు. పెన్‌డ్రైవ్‌లో పెట్టాక ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడాలి. కాపీ అయినట్టు గీత పూర్తయింది కదా అంటే చాలదు. ఒక ఫైలు దగ్గర కాపీ ఆగిపోతే దానితో కుస్తీ పట్టకుండా వదిలేసి మిగతావి తీసుకోండి. చప్పుడు వస్తుంటే మాత్రం ఆపేసి పెద్దవాళ్ళకు చెప్పండి, మళ్ళీ మళ్ళీ వెలిగించి చూడకండి. దుకాణానికి ఇచ్చేటప్పుడు "ఫార్మాట్ చేయవద్దు, లోపలివి కావాలి" అన్న ముక్క నోటితో చెప్పి, రసీదు మీద కూడా రాయించండి. ఫార్మాట్ చేస్తే యంత్రం బాగుపడుతుంది, దుకాణదారుకు పని తేలిక. మీకు మిగిలేది ఖాళీ అటక.

"అన్నీ క్లౌడ్‌లో ఉంటాయి కదా మేడమ్" అని పదో తరగతివారు అంటారు. ఉంటే సంతోషమే, రెండో ప్రతిగా అది చాలా మంచిది. కానీ మన బతుకులో దానికి ఒక చిక్కుంది. ఊరు మారినప్పుడు కొన్ని ఇళ్ళలో సిమ్ మారుతుంది. పాత నంబరు మూతపడుతుంది. ఏడాది తరువాత కొత్త ఫోన్లో ఆ అకౌంటు తెరవబోతే ఓ.టి.పి. ఆ పాత నంబరుకే వెళుతుంది. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఇలా తాళం పడిన అకౌంట్ల గురించి తల్లిదండ్రుల సమావేశాల్లో మాకు వినిపించినంత ఇంకెక్కడా వినిపించలేదు. నంబరు మార్చేముందు అకౌంటులో కొత్త నంబరు ఎక్కించుకోవడం గ్యాస్ కనెక్షన్ మార్పించుకోవడమంత ముఖ్యమైన పని.

ఇప్పుడు పరీక్ష. ఈ ఊళ్ళో ఉండి డిస్కు పరీక్ష గురించి చెప్పడం మాకు తేలిక, ఎందుకంటే మీరు రైలు పట్టాల ఊళ్ళో ఉన్నారు. భారతీయ రైల్వేలకు పట్టాలు పోసేది ప్రధానంగా భిలాయే. ఇక్కడ 130 మీటర్ల పొడవున్న పట్టాను ఒకే ముక్కగా చేస్తారు, రెండింటిని అతికి 260 మీటర్ల పట్టాగా పంపుతారు. మిల్లులోంచి వచ్చిన పట్టా పైకి నున్నగా ఉంటుంది. అయినా కళ్ళతో చూసి సరే అనరు. అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి లోపల పగులుందేమో చూస్తారు. ఉక్కులో చిక్కుకున్న హైడ్రోజన్ వల్ల చల్లారేటప్పుడు లోలోపల సన్నని చీలికలు రావచ్చు, బయటికి జాడ ఉండదు. పట్టాను లైను మీద పరిచాక కూడా మళ్ళీ మళ్ళీ ఆ తరంగాలతో పరీక్షిస్తూనే ఉంటారు. నిన్న రైలు బాగానే వెళ్ళింది కదా అని ఏ రైల్వే ఇంజనీరూ పరీక్ష మానడు.

డిస్కుకూ ఇలాంటివి రెండున్నాయి. ఒకటి చిట్టా పరీక్ష. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో సి డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో టూల్స్, అందులో చెక్ నొక్కితే విండోస్ తనే చూసి చెబుతుంది. సరిచేయాల్సినవి ఉంటే మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు చేస్తానంటుంది. కాపీ అయిపోయింది కనుక ధైర్యంగా సరే అనవచ్చు. ఆ పని జరుగుతుండగా చార్జర్ పెట్టి ఉంచండి, మధ్యలో ఆపకండి. రెండోది పళ్ళెం పరీక్ష. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి తనే లెక్క రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ ఆ లెక్కను మనకు చూపిస్తుంది. అందులో అన్ని అంకెలూ మీకు అక్కర్లేదు. చెడిపోయిన గడుల బదులు అదనంగా ఉంచిన గడులు ఎన్ని వాడిందో చెప్పే అంకె ఒకటి, చదవలేక ఏమీ తేల్చుకోలేక పక్కన పెట్టిన గడులెన్నో చెప్పే అంకె ఒకటి, ఈ రెండూ సున్నా ఉండాలి. లేకపోతే నోటుబుక్‌లో తేదీ వేసి రాసుకుని వారం తరువాత మళ్ళీ చూడండి. పెరుగుతుంటే ఆ డిస్కు మీద ఇక ఏమీ దాచవద్దు.

సున్నా ఉంటే నిశ్చింతా? పూర్తిగా కాదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు మొదటి లోపం కనబడ్డాక, రాబోయే 60 రోజుల్లో అది పాడయ్యే అవకాశం లోపం లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. హెచ్చరికను పట్టించుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ అదే పత్రంలో ఇంకో సంగతీ ఉంది. పాడైపోయిన డిస్కుల్లో సగానికి పైగా, గట్టి సూచనలుగా ఎంచిన నాలుగింటిలో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. అంటే పరీక్షలో తప్పిన డిస్కును నమ్మవద్దు, నెగ్గినదాన్ని అతిగా నమ్మవద్దు. కాపీ ముందని మేము పట్టుబట్టడానికి ఇదే పెద్ద కారణం.

కొత్త లాప్‌టాప్‌లలో పళ్ళెం ఉండదు, చిప్పులతో చేసిన ఎస్.ఎస్.డి. ఉంటుంది. దానికి కుదుపు భయం లేదు, వేగం ఎక్కువ. పోయేటప్పుడు మాత్రం టిక్కు టిక్కుమనే ముందస్తు చప్పుడు ఉండదు. పైగా దానిలోంచి చెరిపేసినది తిరిగి రావడం మహా కష్టం. కనుక కొత్తది కొన్నామన్న ధీమా కూడా పనికిరాదు.

ఇక్కడ ఒక చిన్న పిడకలవేట. ప్రపంచంలో మొదటి డిస్కు యంత్రాన్ని ఐ.బి.ఎం. సంస్థ 1956లో బయటపెట్టింది, సరిగ్గా ఇక్కడ ప్లాంటు కట్టడానికి సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో. 24 అంగుళాల వెడల్పున్న పళ్ళేలు 50 ఒకదానిమీద ఒకటి. బరువు టన్నుకు అటూ ఇటూ. పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మీ ఫోన్లో తీసే ఒకటి రెండు ఫోటోలు అందులో పట్టవు. దాన్ని బదిలీ మీద తీసుకెళ్ళాలంటే మన సామానుకి రెండో లారీ కావాలి.

కొయ్యబారిన ప్రతిసారీ డిస్కుదే తప్పని కూడా అనుకోకూడదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపమున్న అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. నీలితెర వచ్చి ఆగిపోవడమే, మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ నీలితెరే. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ యంత్రాల డిస్కులకు ఏ జబ్బూ లేదు. ఒక్కొక్క యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ చెడ్డ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. అప్పుడు చాలామంది ఇంకో గోడకు తల తగిలించుకున్నారు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంది, తెరవాలంటే 48 అంకెల తాళంచెవి అడుగుతోంది, అదెక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆ తాళం మీ ఇంటి లాప్‌టాప్‌కీ ఉండవచ్చు. కొత్త విండోస్ యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదలుపెడితే చాలావాటికి అది తనంత తానే పడుతుంది. దొంగల నుంచి రక్షణ కనుక మంచిదే. కానీ యంత్రం పాడై డిస్కును ఇంకోదానికి తగిలించి చదవాలంటే ఆ 48 అంకెలూ కావాలి. ఆ మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళితే అవి దొరుకుతాయి. కాగితం మీద రాసి, టి.సి.లు పెట్టుకునే ఫైలులో పెట్టమని అమ్మకో నాన్నకో చెప్పండి. ఆ ఫైలు మాత్రం మన ఇళ్ళలో ఏ బదిలీలోనూ పోదు.

ఎండ గురించి ఒక మాట. భిలాయిలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పరుపు మీదో దిండు మీదో లాప్‌టాప్ పెట్టి గాలి వెళ్ళే చీలికలు మూసేస్తే అది వేడెక్కి తనంత తానే ఆగిపోతుంది, దాన్నే మనం హ్యాంగ్ అయిందనుకుంటాం. బల్ల మీద పెట్టండి. ప్రయాణంలో మూత మూసి సంచిలో పెట్టేస్తే అది నిద్రలో ఉంటుంది తప్ప ఆగినట్టు కాదు. మధ్యలో మేలుకుని సంచిలోనే ఉడికిపోవచ్చు. పళ్ళెం తిరుగుతుండగా కుదుపు తగిలితే గీత పడవచ్చు. పూర్తిగా ఆపి, లారీ సామానులో కాకుండా మీ చేతి సంచిలో పెట్టుకుని రైలెక్కండి. పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఆ సంచిలో పెట్టకండి, అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. రెండు ప్రతులూ ఒకే సంచిలో ఉండి ఆ సంచి పోతే రెండూ పోయినట్టే.

బదిలీ ఉత్తర్వులు వచ్చే కాలం దగ్గరికొస్తోంది. వచ్చాక ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు, ప్యాకింగ్ పెట్టెలు, టి.సి., గ్యాస్, కొత్త ఊళ్ళో క్వార్టర్. అందుకే ఈ ఆదివారమే ఒక పెన్‌డ్రైవ్ తీసుకోండి. మా తరగతిలో కోరినవారికి శనివారం చివరి పీరియడ్‌లో కంప్యూటర్ టీచరుగారు స్మార్ట్ అంకెలు చదవడం చూపిస్తామన్నారు. మీ లాప్‌టాప్ తెచ్చుకోవచ్చు, ఇంట్లో అడిగి తీసుకురండి. చార్జర్ మరిచిపోకండి.